సముద్రతీర పట్టణమా, సంప్రదాయ పల్లెటూరా?

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత స్థిరపడటానికి ఒక సముద్రతీర పట్టణాన్ని, తరతరాలుగా వ్యవసాయమే ఆధారంగా ఉన్న ఒక పల్లెటూరిని చూసి వచ్చాము. సెలవుల్లో కనిపించే అందాన్ని పక్కన పెట్టి, ఏడాది పొడవునా ఉండేవారికి ఎదురయ్యే సంగతులను అనుభవజ్ఞులు తెలియజేయగలరా?

జవాబు 1: నేల కంటే నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక తీరంలో పగటిపూట సముద్రం మీదినుంచి చల్లగాలి వీస్తుంది. అయితే లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. గాలిలో కలిసి వచ్చే ఆ తుంపరల ఉప్పు కాంక్రీటులోకి చొరబడి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది, తుప్పుతో చువ్వలు ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. మా కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగు వేయించానో లెక్కే లేదు! బోర్లతో నీటిని అతిగా తోడితే భూగర్భంలోకి ఉప్పునీరు చొచ్చుకు వస్తుంది కాబట్టి, కొనే ముందు నడివేసవిలో నీటిని పరీక్ష చేయించండి.

జవాబు 2: పల్లెకు ఆ బాధ లేదు. కానీ ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరగలరో పగలు కాదు, అర్ధరాత్రి స్వయంగా ప్రయాణించి చూసుకోండి. పలకరింపులకు కొదవ ఉండదు గాని, మీ ఇంటికి ఎవరు వచ్చారో మీకంటే ముందు ఊరికి తెలుస్తుంది. ఏకాంతం కోరుకునేవారికి అది ఇబ్బందే.

జవాబు 3: ఎక్కడైనా సరే, ముందు అద్దెకు ఉండి, ఒక వర్షాకాలం గడిపిన తరువాతే కొనండి. తీరంలోనైతే ఆ స్థలం సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో, ఉప్పెన వచ్చినప్పుడు నీరు ఎక్కడిదాకా చేరిందో పాతకాపులను అడిగి తెలుసుకోండి.