టెస్టోస్టెరాన్ తక్కువ, కాళ్లలో బలం లేదు: హార్మోన్ ఇస్తే నడక తిరిగొస్తుందా?

ప్రశ్న:
70 దాటిన మగవారిలో నడక మందగించి, కుర్చీలోంచి లేవడానికి చేతుల ఆసరా కావలసి వస్తోంది. రక్తపరీక్షలో టెస్టోస్టెరాన్ డెసీలీటరుకు 240 నానోగ్రాములు. చర్మానికి రాసే టెస్టోస్టెరాన్ జెల్ మొదలుపెట్టొచ్చా? అదే వయసు ఆడవాళ్లకి ఈస్ట్రోజెన్ ఏమైనా పనికొస్తుందా?

జవాబు 1:
ఒక్క రిపోర్టు చాలదండీ. ఈ హార్మోన్ పొద్దున్న ఎక్కువగా ఉంటుంది, తిన్నాక తగ్గుతుంది. పరగడుపున, ఉదయం 7 నుంచి 10 లోపు, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూడాలి. ఒంట్లో బాగోలేనప్పుడు అదే పడిపోతుంది కాబట్టి జ్వరంలోనో, ఆస్పత్రిలో ఉన్నప్పుడో తీసిన రక్తాన్ని లెక్కలోకి తీసుకోకండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి. కొన్ని పద్ధతుల్లో అది అంకెను లేనిపోని ఎక్కువ చేసి చూపిస్తుంది.

ఇంకో మెలిక ఎస్‌హెచ్‌బీజీ. హార్మోన్‌ను పట్టి ఉంచే ఈ ప్రోటీన్ వయసుతో పెరుగుతుంది, అందుకని మొత్తం అంకె బాగున్నా విడిగా తిరిగేది తక్కువ కావచ్చు. ఊబకాయంలో దీనికి రివర్స్, ఈ ప్రోటీన్ తగ్గుతుంది. రెండోసారీ తక్కువే వస్తే ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు చూస్తే లోపం వృషణాల్లోనా, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోనా అన్నది తెలుస్తుంది.

జవాబు 2:
లోపం నిజమే అని తేలినా నడక విషయంలో పెద్ద ఆశ పెట్టుకోవద్దు. 2016లో వెలువడిన టెస్టోస్టెరాన్ ట్రయల్స్‌లో 65 దాటి, 275 కంటే తక్కువ ఉన్న 790 మందికి ఏడాదిపాటు జెల్ లేదా ఉత్తుత్తి జెల్ ఇచ్చారు. లైంగిక కోరిక మెరుగుపడింది. నడక కోసమే చేర్చుకున్నవాళ్లలో మాత్రం 6 నిమిషాల నడక దూరంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కండ పెరగడం వేరు, ఆ కండను వాడి లేవగలగడం వేరు.

టెస్టోస్టెరాన్ జెల్ గుండెకు సురక్షితమా అని చూసిన 2023 నాటి ట్రావర్స్ ట్రయల్‌లో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు గానీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం), ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు ఎక్కువ కనిపించాయి. ఎముకలు విరగడమూ ఎక్కువే, ఇది ఎవరూ ఊహించనిది. వాడుతుంటే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథికి చేసే రక్తపరీక్ష) చూస్తుండాలి. హెమటోక్రిట్ 54 శాతం దాటితే ఆపి, దిగాక తక్కువ మోతాదుతో మొదలుపెడతారు.

జవాబు 3:
ఆడవాళ్ల సంగతి: ఈస్ట్రోజెన్ ఎముకను కాపాడుతుంది, అందులో సందేహం లేదు. నెలసరి ఆగిన ఆడవాళ్ల మీద అమెరికాలో జరిగిన డబ్ల్యూహెచ్‌ఐ అధ్యయనంలో తుంటి ఎముక విరగడం దాదాపు మూడోవంతు తగ్గింది. కానీ ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ మందుతో కలిపి ఇచ్చినప్పుడు రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు పెరిగాయి. 65 దాటినవారిలో మతిమరుపు జబ్బు సుమారు రెట్టింపైంది. వేడి ఆవిర్లకు వాడేది 60 లోపు, లేదా నెలసరి ఆగిన 10 ఏళ్లలోపు. బలం కోసమని 70ల్లో కొత్తగా మొదలుపెట్టడం నా లెక్కలో తప్పే.

ప్రశ్న అడిగినవారు:
మరి ముందుగా చేయాల్సింది?

జవాబు 4:
కుర్చీ పరీక్ష. కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, వరసగా 5 సార్లు లేచి కూర్చోవాలి. ఆసియా వారికి పెట్టిన ప్రమాణంలో 12 సెకన్లు, అంతకు మించితే శారీరక పనితీరు తగ్గినట్టే. చేతులు ఆనించకుండా లేవలేకపోతే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. 8 సార్లు చొప్పున 2 విడతలు, వారానికి 3 రోజులు. తేలికైపోగానే దిండు తీసేయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నెలల తరబడి అదే ఎత్తులో చేస్తే కండకు కొత్తగా పని పడదు. లేచేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, బీపీ ఎగురుతుంది.

ప్రోటీన్ కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు, 60 కిలోల మనిషికి 60 నుంచి 72. కిడ్నీ జబ్బుంటే డాక్టర్ని అడిగాకే. రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి, నిద్రమాత్రలు, నిలబడగానే బీపీ పడిపోవడం... ఇవన్నీ చూశాకే జెల్ మాట.