మిథిలీన్ బ్లూ రంగు తగ్గడం లేదు, లోపం ఎక్కడ?

పరిశోధక విద్యార్థి: ఉదయం నుంచి ఇదే పని, విసిగిపోయాను. కాంతి పడితే రంగు అణువులను విరగ్గొట్టే ఉత్ప్రేరకంగా వాడాలని, సోల్-జెల్ పద్ధతిలో (ద్రావణాన్ని జెల్‌గా మార్చి) టైటానియం డయాక్సైడ్ (టైటానియా) నానోకణాలు చేశాను. ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో అనటేజ్ (టైటానియా స్ఫటిక రూపాల్లో ఒకటి) శిఖరాలు స్పష్టంగా ఉన్నాయి. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణంలో వేసి నాలుగు గంటలు దీపం కింద కలియబెట్టినా 664 నానోమీటర్ల దగ్గర శోషణ, అంటే రంగు ఎంత మిగిలిందో చెప్పే కొలత, దాదాపు కదలలేదు. మూడుసార్లూ ఇంతే.

నీలాకాశం: ఏ దీపం?

పరిశోధక విద్యార్థి: తెల్ల ఎల్ఈడీ, 50 వాట్లు. వెలుగుకు కొదవ లేదు.

నీలాకాశం: అనటేజ్ బ్యాండ్ గ్యాప్, అంటే దాన్ని ఉత్తేజపరచడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని దానితో భాగించండి, పనికొచ్చే కాంతి గరిష్ఠ తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది.

రసాయన గురువు: రేపు రంగు పోయినా నమ్మకండి. మిథిలీన్ బ్లూ తానే దృశ్యకాంతిని పీల్చుకుని, ఎలక్ట్రాన్‌ను టైటానియాకు అందించి చెదిరిపోగలదు. క్షయకరణం చెందితే రంగులేని ల్యూకో రూపంలోకి మారుతుంది, గాలి తగిలితే మళ్లీ నీలం. మీ ఉత్ప్రేరకం పనిచేసిందని అది రుజువు కాదు. దృశ్యకాంతిని పీల్చని ఫినాల్‌తో పరీక్షించండి, మొత్తం సేంద్రియ కార్బన్ కొలవండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా అందరూ రంగునే చూస్తారు.

పదశోధిని: రంగు పోవడం విరంజనం. అణువు ముక్కలవడం విచ్ఛిన్నం. కార్బన్ డయాక్సైడ్, నీరు దాకా వెళితేనే ఖనిజీకరణం. మూడింటినీ కలిపేయకండి.

రసాయన గురువు: నేను కలపలేదు. విరంజనం అంటే చాలామందికి బ్లీచింగ్ పొడే గుర్తొస్తుంది.

పదశోధిని: అయినా సరైన పదం అదే.

పరిశోధక విద్యార్థి: 387 నానోమీటర్లు వచ్చింది. అంటే నా దీపంలో పనికొచ్చే కాంతే లేదా?

నీలాకాశం: లేనట్టే. తెల్ల ఎల్ఈడీలో నీలి శిఖరం 450 దగ్గర. 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం పెట్టండి, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. దృశ్యకాంతే కావాలంటే గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్ అనే ఉత్ప్రేరకం చూడండి, దాని బ్యాండ్ గ్యాప్ 2.7. పీహెచ్ ఎంత?

పరిశోధక విద్యార్థి: 3. ఆమ్లం కలిపాను. ముఖ్యం కాదనుకుని రాయలేదు.

నీలాకాశం: ముఖ్యమే. పీహెచ్ 6 కంటే బాగా కింద టైటానియా ఉపరితలం ధనావేశం. మిథిలీన్ బ్లూ కూడా ధనాయానే. దగ్గరికే రాదు.

పరిశోధక విద్యార్థి: 365 దీపం, పీహెచ్ 8. నలభై నిమిషాల్లో శోషణ సగానికి పడింది. ధన్యవాదాలు.

రసాయన గురువు: వెలుగు వేయకముందు అరగంట చీకటిలో ఉంచారా? కణాలకు అతుక్కున్నది ఎంత? కణాలు లేకుండా అదే దీపం కింద ఎంత తగ్గింది?