"గ్రామీణ పురపాలక సంఘం" అనవచ్చునా? లేక్ సెబు వ్యాసంలోని మాటల గురించి

ఫిలిప్పీన్స్‌లోని లేక్ సెబు గురించి పరిచయ వ్యాసం రాస్తున్న మిత్రులు తమ తొలి వాక్యాన్ని ఇక్కడ ఉంచి అభిప్రాయం అడిగారు: "సెబు సరస్సు తీరాన గిరిజనులు నివసించే గ్రామీణ పురపాలక సంఘం." చదవడానికి బాగానే ఉంది గాని, "పురం" అంటేనే పట్టణం కనుక "గ్రామీణ" అన్న విశేషణం దానితో పొసగదు. ఆ దేశంలో నగర హోదా లేని ప్రాంతాన్ని, అందులోని కొండలూ పొలాలూ అడవులతో సహా, మునిసిపాలిటీ అనే వ్యవహరిస్తారు. లేక్ సెబు 1982లో సురల్లా అనే మునిసిపాలిటీ నుంచి విడివడింది. దాని కింద 19 బరంగాయ్‌లున్నాయి. బరంగాయ్ మన గ్రామ పంచాయతీకి దగ్గరగా ఉంటుంది కనుక మొత్తం విభాగాన్ని మండలం అనాలనిపిస్తుంది. కాని అక్కడి మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు, మన మండల పరిషత్ అధ్యక్షుణ్ణి ఎంపీటీసీ సభ్యులు ఎన్నుకుంటారు. అందువల్ల "మునిసిపాలిటీ" అన్న మాటనే ఉంచి, అది మన మండలం వంటిదని ఒకసారి చెబితే చాలు.

ఊరి పేరు "లేక్ సెబు" గానే ఉండాలి. సరస్సు గురించి చెప్పేటప్పుడు "సెబు సరస్సు" అనవచ్చు. అక్కడ సెలొటాన్, లహిత్ అనే మరో రెండు సరస్సులు కూడా ఉన్నాయి. ఫిలిప్పీన్స్ మధ్యభాగపు ద్వీపాలైన విసాయాస్‌లోని ప్రసిద్ధమైన సెబూ ద్వీపం వేరు. తెలుగు లిపిలో రెంటికీ తేడా దాదాపు చెరిగిపోతుంది కనుక లేక్ సెబు ఉన్న మిందనావో ద్వీపం, దక్షిణ కొతబాతో ప్రావిన్సు పేర్లు మొదటి వాక్యంలోనే రావాలి.

తొలి వాక్యంలోని "గిరిజనులు" అన్న మాటకు బదులు ఈ చర్చలోనే ఒకరు "స్థానిక తెగలు" అనమన్నారు. విసాయాస్ నుంచి వచ్చి స్థిరపడిన ఇలోంగోల పిల్లలూ మనవలూ ఇప్పుడు అక్కడి స్థానికులే కనుక ఆ మాట అసలు తేడాను మింగేస్తుంది. అక్కడి ఆదివాసీ తెగ అయిన తిబోలీలు ఎత్తైన ప్రాంతంలోనే ఉంటారు కాబట్టి "గిరిజనులు" అక్షరార్థంలో తప్పు కాదు. అయితే పులికాట్ ఒడ్డున చేపలు పట్టే యానాదులను కూడా మనం గిరిజనులనే అంటున్నామంటే, ఆ మాట కొండను వదిలి ప్రభుత్వ జాబితాకు పేరుగా మారిందన్నమాట. ఫిలిప్పీన్స్ 1997 నాటి చట్టం పూర్వికుల నుంచి వచ్చిన భూభాగంపై హక్కును గుర్తించింది. ఆ "ముందునుంచీ ఉన్నవారు" అన్న భావం "ఆదివాసులు"లో నిలుస్తుంది. ఇలాంటి తెగలన్నిటికీ కలిపి మిందనావోలో వాడుకలో ఉన్న "లుమద్" సెబువానో భాషలోని మాట; 2021లో అక్కడి జాతీయ ఆదివాసీ కమిషన్ దాని వాడకాన్ని వ్యతిరేకించింది. కాబట్టి వీలైనంతవరకు తిబోలి, ఉబో అని తెగల పేర్లతోనే చెప్పడం మేలు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది తిబోలీలు అబాకా మొక్క నారతో నేసే తినలక్ వస్త్రాన్ని మిత్రులు వర్ణించిన వాక్యం. "జనపనార ఇక్కత్" అన్నారు. ఇంగ్లీషు వ్యాపారంలోని "మనీలా హెంప్" అన్న పేరే ఈ పొరపాటుకు కారణం కావచ్చు. అబాకా అరటి కుటుంబపు మొక్క, దాని నారకు జనుముతో బంధుత్వం లేదు; "అబాకా నార" అంటే సరిపోతుంది. ఇక్కత్ అనడంలో దోషం లేదు. అయితే పుట్టపాక తేలియా రుమాలులో పడుగుకూ పేకకూ కూడా ముడులు వేసి రంగు అద్దుతారు, తినలక్‌లో పడుగుకు మాత్రమే వేస్తారు. ఆ ఒక్క మాట చేరిస్తే మన చేనేత తెలిసిన పాఠకులకు పని తీరు వెంటనే బోధపడుతుంది. రంగు పట్టని నార తెలుపు, ఆకుల నుంచి తీసిన రంగు నలుపు, వేళ్ల నుంచి తీసిన రంగు ఎరుపు.

ఈ నేతకు వ్యాసంలో వాడిన "స్వప్న నేత" అన్న సమాసం నాకు నచ్చలేదు, నేతే కలగా ఉందన్నట్టు వినిపిస్తుంది. 1998లో జాతీయ గౌరవం పొంది 2015లో కన్నుమూసిన లాంగ్ దులాయ్ వంటి నేతగత్తెలు, అబాకాకు అధిదేవత అయిన ఫు దాలు కలలో చూపిన డిజైన్లను కాగితం మీద గీసుకోకుండానే మగ్గం మీదికి తెస్తారని తిబోలీలు చెబుతారు. దీనిని సమాసంగా బిగించకుండా పూర్తి వాక్యంగానే రాయమని మిత్రులను కోరుతున్నాను.