జే23100 ప్రమోటర్ ముక్క జెల్‌లో కనబడటం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: బయోబ్రిక్ పద్ధతిలో (ఒకే రకం కొసలున్న డీఎన్‌ఏ ముక్కలను, అంటే పార్ట్‌లను, వరసగా అతికే పద్ధతి) జే23100 ప్రమోటర్ (జన్యువును ఆన్ చేసే ముక్క) వెనక ఐ13504 (రైబోజోమ్ అతుక్కునే చోటు ఆర్‌బీఎస్, పచ్చగా మెరిసే ప్రొటీన్ జన్యువు జీఎఫ్‌పీ, జన్యువు చదవడాన్ని ఆపే టెర్మినేటర్ కలిసిన పార్ట్) తగిలించాలి. రెండూ పీఎస్‌బీ1సీ3 అనే ప్లాస్మిడ్‌లోనే (బ్యాక్టీరియాలో ఉండే గుండ్రటి డీఎన్‌ఏ) ఉన్నాయి. ప్రమోటర్‌ని ఎకోఆర్‌1, స్పీ1 అనే కోత ఎంజైములతో, జీఎఫ్‌పీని ఎక్స్‌బా1, పీఎస్‌టీ1తో కోసి ఆంపిసిలిన్‌ని తట్టుకునే వెక్టర్‌లో (ముక్కలను మోసే ప్లాస్మిడ్) పెడుతున్నా. జెల్‌లో జీఎఫ్‌పీ ముక్క 0.9 కేబీ (900 బేస్‌ల) బ్యాండ్ చక్కగా వస్తోంది, ప్రమోటర్ జాడే లేదు. కాలనీలు ఒకటీ అరా, ఏదీ పచ్చగా లేదు. డీఎన్‌ఏ ఎక్కువ వేయాలా?

జవాబు 1: ఎంత వేసినా లాభం లేదండీ. జే23100 మొత్తం 35 బేస్‌లే. ప్రిఫిక్స్ (పార్ట్‌కి ముందుండే కోత చోట్ల వరస) కొసతో కలిపినా 60 దాటదు. 1 శాతం జెల్‌లో అది దాదాపు డైతో పాటే కిందికి జారిపోతుంది, దొరికినా డీఎన్‌ఏని శుభ్రం చేసే మామూలు కాలమ్ అంత చిన్న ముక్కని నిలపదు. చిన్న పార్ట్‌ని బయటికి తీయకండి. దాని ప్లాస్మిడ్‌నే స్పీ1, పీఎస్‌టీ1తో తెరిచి, జీఎఫ్‌పీ ముక్కని వెనక దూర్చండి. ఎక్స్‌బా1, స్పీ1 రెండూ సీటీఏజీ కొసే వదులుతాయి కాబట్టి అతుకు పడుతుంది. వెక్టర్ 50 నానోగ్రాములకు ఇన్సర్ట్ (దూర్చే ముక్క) 60 చాలు, మోలార్ లెక్కన (అణువుల సంఖ్యలో) దాదాపు 1:3.

జవాబు 2: దారి సరైనదే, కానీ రెండు ప్లాస్మిడ్‌లూ క్లోరాంఫెనికాల్ యాంటీబయాటిక్‌ని తట్టుకునేవే. జెల్‌లో ఎంత వేరుచేసినా తెగని ఐ13504 కొంత వెంట వస్తే ప్లేటు నిండా అవే. పైగా సఫిక్స్‌లో (పార్ట్ వెనకుండే కోత చోట్ల వరస) స్పీ1, పీఎస్‌టీ1 చోట్లు పక్కపక్కనే. ఒకటి తెగాక రెండోది కొసకు పడి సరిగా తెగదు. ఊడే ముక్క 20 బేస్‌ల లోపే, జెల్‌లో తేడా తెలియదు. ఒక్కచోటే తెగిన వెక్టర్ మళ్లీ మూసుకుంటుంది. అందుకే జే61002 అనే ఇంకో ప్లాస్మిడ్‌లో ఉన్న జే23100 తెచ్చుకోండి. అది ఆంపిసిలిన్‌ది, స్పీ1, పీఎస్‌టీ1 మధ్య ఆర్‌ఎఫ్‌పీ (ఎర్రటి ప్రొటీన్ జన్యువు) ఉంటుంది. ఎర్ర కాలనీలు పాతవి, వదిలేయండి. పచ్చవి ఏరుకోండి. పీఎస్‌టీ1ని వేడితో చంపొచ్చని నమ్మకండి, లైగేషన్‌కు (ముక్కలను అతికించడానికి) ముందు కాలమ్‌లో శుభ్రం చేయండి.

ప్రశ్నించినవారు: జే61002 ఫ్రీజర్‌లో ఉంది, అదే వాడతా. జీఎఫ్‌పీకి ముందు ఒక ట్యాగ్ (ప్రొటీన్‌కి తగిలించే చిన్న గుర్తు) కూడా ఇలాగే తగిలించొచ్చా?

జవాబు 3: కుదరదండీ. అతుకు దగ్గర టీఏసీటీఏజీఏజీ అని 8 బేస్‌లు మిగులుతాయి, మూడేసి బేస్‌లుగా చదివే ఫ్రేమ్ జరిగిపోతుంది. ఏటీజీతో (ప్రొటీన్ మొదలు సంకేతం) మొదలయ్యే పార్ట్‌కి 6 బేస్‌లే మిగిలినా అవి టీఏసీ, టీఏజీ, అంటే ఫ్రేమ్‌లోనే స్టాప్. ఫ్రైబర్గ్ పద్ధతిలో (బయోబ్రిక్‌కే ప్రొటీన్‌లు కలపడానికి మార్చిన రూపం) ఏసీసీజీజీసీ అతుకు త్రియోనిన్, గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాలుగా చదవబడుతుంది, అది పనికొస్తుంది. కొత్తగా మొదలెట్టేవాళ్లకైతే నా ఓటు బీఎస్‌ఏ1 ఎంజైముతో చేసే గోల్డెన్ గేట్‌కే (కోత, అతుకు కలిసి జరిగే పద్ధతి): 37, 16 డిగ్రీల మధ్య 25–30 సైకిళ్లు, ఒకే ట్యూబులో నాలుగైదు పార్ట్‌లు. ఒక్కటి చూసుకోండి: చాలా ప్లాస్మిడ్‌ల ఆంపిసిలిన్ జన్యువులోనే బీఎస్‌ఏ1 చోటు ఉంటుంది. అలాంటి వెక్టర్‌లోకి కడితే, అతికిన కొద్దీ మళ్లీ తెగుతూనే ఉంటుంది.