కోడింగ్ నేర్చుకుంటూ అలసిపోకుండా ఉండడం ఎలా?

ప్రశ్న (మిర్యాలగూడ):
పగలు రైస్ మిల్లులో లెక్కలు రాస్తూ, రాత్రి భోజనం తరువాత పైథాన్, ఎస్‌క్యూఎల్, జావాస్క్రిప్ట్ అనే మూడు కంప్యూటర్ భాషలూ నేర్చుకుంటున్నాను. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరిచినా ఒకే వీడియోను మళ్లీ మళ్లీ వెనక్కి జరుపుతూ కూర్చుంటున్నాను. ఆపితే వెనకబడతానేమోనన్న భయం వేధిస్తోంది. ఏం చేయాలి?

జవాబు (మహబూబ్‌నగర్):
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణలో బర్నవుట్‌ను (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని) వ్యాధిగా కాక, ఉద్యోగ సంబంధమైన స్థితిగా చేర్చారు. తీరని నిస్సత్తువ, పనిపై విముఖత, ఏమీ సాధించలేకపోతున్నామన్న భావన దాని మూడు లక్షణాలు. మీరు రెండు పనుల బరువు ఒకేసారి మోస్తున్నారు కనుక, ముందు జావాస్క్రిప్ట్‌ను పక్కన పెట్టండి. వీడియోలు తగ్గించి, మీకు తెలిసిన లెక్కలతోనే సాధన చేయండి: తేదీ, రైతు పేరు, బస్తాలు, తేమ శాతం అన్న నాలుగు నిలువు వరుసలతో ఊహించి రాసిన పట్టిక తయారు చేసి, ఏ రోజు ఎన్ని బస్తాలు వచ్చాయో ఎస్‌క్యూఎల్‌లో ఒకే తేదీ ఉన్న వరుసలను ఒక గుంపుగా చేర్చే ‘గ్రూప్ బై’ ఆదేశంతో రాబట్టండి. జవాబు సరైనదో కాదో మీకే తెలుస్తుంది కాబట్టి, నమ్మకం తిరిగి వస్తుంది.

జవాబు (నల్లగొండ):
నిద్ర మాత్రం తగ్గించకండి. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడేది చాలావరకు నిద్రలోనే. వానాకాలం వడ్లు మిల్లుకు చేరే నవంబరులో మీకు ఊపిరి సలపదు, ఆ రోజుల్లో అరగంట చదివినా చాలు. రెండు వారాలకు పైగా నిద్రపట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు అన్నా. ఆదివారం ఆ పట్టికతోనే మొదలుపెడతాను.