ట్యాగ్ మీద ఖాసియానా, కుండీలో ఉన్నది వేరేలా ఉంది. ఇది ఏ పిచ్చర్ ప్లాంట్? ఎలా మార్చాలి?

కూకట్‌పల్లి బాల్కనీ:
నమస్కారం అండి. పోయిన వారం ఒక నర్సరీలో వేలాడే కుండీలో పిచ్చర్ ప్లాంట్ (కూజాల్లో పురుగుల్ని పట్టే మొక్క) కొన్నాను. ట్యాగ్ మీద "నెపెంథిస్ ఖాసియానా, మేఘాలయ" అని ఉంది. ఇంటికొచ్చి ఫొటోలతో పోల్చి చూస్తే అలా అనిపించడం లేదు. ఆకు చివర నుంచి సన్నటి తీగ దిగి, దాని కొసన కూజా వేలాడుతోంది. కూజా అడుగు ఉబ్బుగా, మధ్యలో నొక్కినట్టు ఉంది. అంచు ఎర్రగా మెరుస్తోంది. రెండు కూజాలు మూత దగ్గర నుంచి ఎండుతున్నాయి. కుండీలో కోకోపీట్ లాంటిది ఉంది, పైన తెల్లటి పొర కట్టింది. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పెద్ద తొట్టిలోకి మార్చమని మా అత్తయ్య అంటున్నారు. మాది తూర్పు బాల్కనీ, బోరు నీళ్ళు. ఏం చేయమంటారు?

మేడతోట, విశాఖ:
ముందుగా, ఎర్రమట్టి, ఎరువు వద్దే వద్దండి. అత్తయ్యగారు చెప్పింది గులాబీకైతే సరిగ్గా సరిపోతుంది. నెపెంథిస్ మాత్రం పోషకాలు లేని నేలల్లో పుట్టి, నత్రజని కోసం పురుగుల మీద ఆధారపడే మొక్క. దాని వేళ్ళు ఎరువునీ ఉప్పునీ తట్టుకోలేవు. మీరు చూసిన తెల్లటి పొర చాలావరకు బోరు నీళ్ళలోని ఉప్పే. కూజాలు ఎండడానికి నాకు మొదటి అనుమానం దాని మీదే, ఆ తర్వాత చోటు మారడం, గాలిలో తేమ తగ్గడం.

ఇక పేరు. ఆకు కొసన తీగకి వేలాడుతోంది కాబట్టి నెపెంథిసే. అమెరికా జాతి సరసీనియా అయితే కూజాలు నేలలోంచి నిటారుగా లేస్తాయి. దానికి కింద పళ్ళెంలో నీళ్ళు నిలబెట్టాలి. దీనికి అలా నిలబెడితే వేళ్ళు కుళ్ళుతాయి.

అడుగు ఉబ్బు, మధ్యలో నడుము, ఎర్రటి అంచు అంటున్నారు కాబట్టి నా అంచనా వెంట్రాటా. ఫిలిప్పీన్స్‌కి చెందిన వెంట్రికోసా, అలాటా కలిసిన హైబ్రిడ్ ఇది. ఆ నడుము వెంట్రికోసా నుంచి వచ్చిందే. షాపుల్లో దీన్ని "అలాటా" అని కూడా అమ్ముతారు. 2013లో చీక్, జెబ్ అనే వృక్షశాస్త్రజ్ఞులు అలాటాని వేర్వేరు జాతులుగా విడదీశాక, ఈ హైబ్రిడ్‌లో అలాటా అనుకున్న జాతిని గ్రాసిలిఫ్లోరా అంటున్నారు. ట్యాగులు మాత్రం పాత పేరుతోనే తిరుగుతున్నాయి. ఖాసియానాకి ఇంత స్పష్టమైన నడుము ఉండదు, అంచు కూడా సన్నగా ఉంటుంది. మరీ చిన్న మొక్క అయితే ఎవరూ గట్టిగా చెప్పలేరు, ఇంకా పెద్ద కూజాలు వచ్చేదాకా ఆగాలి.

ఇది వెంట్రాటా అయితే నాకు సంతోషమే. ఖాసియానా మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క నెపెంథిస్. మేఘాలయలోని గారో, ఖాసీ, జైంతియా కొండల్లో ఉంటుంది. గనులు, పోడు, మొక్కల్ని పీక్కుపోవడం, వీటన్నిటి వల్ల అక్కడ తగ్గిపోతోంది. సైటీస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, మన వన్యప్రాణి చట్టం కింద కూడా రక్షిత మొక్క. లైసెన్సు లేకుండా పెంచి అమ్మకూడదు. అందుకే ఆ పేరుతో ఎవరైనా అమ్ముతుంటే ఎక్కడి నుంచి తెచ్చారని అడగాలి. అడవిలోంచి తెచ్చిన మొక్కని చవగ్గా వచ్చిందని కొనడం నాకు చాలా బాధగా ఉంటుంది.

కడియం నర్సరీ పని:
నేను ఈ పనిలోనే ఉన్నానండి. మా దగ్గరికి ఇవి ల్యాబ్ నుంచి ట్రేలలో చిన్న మొక్కలుగా వస్తాయి. ట్రేకి ఒకటే చీటీ. కుండీల్లోకి మార్చేటప్పుడు ఎవరి చేతికి ఏ ట్యాగ్ దొరికితే అది గుచ్చేస్తారు. మోసం చేయాలనే ఉండదు, కానీ పేరు అక్కడే పోతుంది. బిల్లు తీసుకుని ల్యాబ్ పేరు అడగండి. ఇంకో మాట, కుండీలోంచి తీసినప్పుడు వేళ్ళ చుట్టూ సన్నటి వల గుడ్డ ఉండొచ్చు. సులువుగా వచ్చే మేరకు కత్తిరించండి. వేళ్ళలోకి పోయిన చోట అలాగే వదిలేయండి.

కూకట్‌పల్లి బాల్కనీ:
చాలా థాంక్స్ అండి. కుండీ కొంచెం వంచి చూశాను, వేళ్ళు నల్లగా జుట్టులా ఉన్నాయి. కుళ్ళిపోయాయా అని టెన్షన్‌గా ఉంది. ఎండ ఇంకా తగ్గలేదు, ఇప్పుడే మార్చనా?

మేడతోట, విశాఖ:
నెపెంథిస్ వేళ్ళు ఆరోగ్యంగా ఉన్నా నల్లగా, సన్నగానే ఉంటాయి. కంగారు పడకండి. వేలితో మెల్లగా నొక్కితే మెత్తగా చితికి వాసన వస్తేనే కుళ్ళినట్టు. చాలా పెళుసు కాబట్టి దులపకండి, కడగకండి, ముద్దని ముద్దలాగే కొత్త కుండీలో దించండి.

ఎండలు తగ్గి వానలు పడ్డాక మార్చండి. అప్పటిదాకా వాన నీళ్ళు గానీ ఆర్‌ఓ నీళ్ళు గానీ పైనుంచి ధారగా పోసి, అడుగు నుంచి కారిపోనివ్వండి, ఉప్పు కొంత దిగిపోతుంది. ఆర్‌ఓ నీళ్ళంటే తాగడానికి వచ్చేవి, బయటికి పోయే వేస్ట్ నీళ్ళు కాదు. మీ మెషీన్‌లో ఖనిజాలు తిరిగి కలిపే ఏర్పాటు ఉంటే టీడీఎస్ మీటర్‌తో (నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది) చూసుకోండి, 50 లోపు ఉంటే మంచిది.

కుండీ 5 లేదా 6 అంగుళాల ప్లాస్టిక్‌ది చాలు. మట్టి కుండీ తొందరగా ఆరిపోతుంది, ఉప్పు కూడా పట్టుకుంటుంది. స్ఫాగ్నమ్ నాచు (నీళ్ళు పట్టి ఉంచే ఎండు నాచు), పెర్లైట్ (తెల్లటి తేలికైన రాతి గుళికలు) సగం సగం కలపండి. నాచు ఖరీదు అనుకుంటే కొబ్బరి పీచు ముక్కలు వాడొచ్చు, కానీ మన కోకో సరుకులో ఉప్పు ఎక్కువ. నానబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టి, ఆ నీళ్ళలో మీటర్ అంకె బాగా తగ్గేదాకా కడగాలి. ఈ ఒక్క పనిలో బద్ధకించకండి.

తూర్పు బాల్కనీ బాగా పనికొస్తుంది. పొద్దుటి ఎండ తగలనిచ్చి, ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం షేడ్ నెట్ కప్పండి. ఎండిన కూజాలు మళ్ళీ పచ్చబడవు, పూర్తిగా ఎండాక కత్తిరించేయండి. చికెన్ ముక్కలు వేయకండి, కూజా కుళ్ళుతుంది. చీమలు అవే వస్తాయి. కొత్త కూజా మూత తెరుచుకున్నాక పక్క నుంచి ఒకటి, మూత కింది భాగం కనపడేలా ఒకటి ఫొటో తీసి పెట్టండి, పేరు అప్పుడు తేలుద్దాం.