పాత టీవీలో బ్రైట్‌నెస్ కంట్రోల్ పాడైందని మీటరుతో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉంది. బ్రైట్‌నెస్ నాబ్ తిప్పుతుంటే ఒకచోట తెర ఉన్నట్టుండి తెల్లబడుతోంది, వెంట్రుకవాసి జరిపితే మళ్ళీ మామూలవుతోంది. ఊళ్ళో చూపిస్తే పిక్చర్ ట్యూబే పోయిందన్నారు కానీ నాకు నమ్మకం కుదరలేదు. కంట్రోల్ మీద 104 అని ఉంది, అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, 100 కిలో ఓములు. వైర్లు విప్పకుండా చివరి పిన్నుల మధ్య కొలిస్తే 38 కిలో ఓములే చూపింది. కంట్రోల్ పోయినట్టేనా? నాన్నగారు చివరి దాకా ఇందులోనే వార్తలు చూశారు. పారేయడానికి మనసొప్పడం లేదు.

జవాబు (రాయగడ నుంచి):
అప్పుడే అలా అనుకోకండి. వైర్లు ఉండగా కొలిస్తే బోర్డులోని ఇతర రెసిస్టర్ల గుండా కూడా మీటరు కరెంటు పోతుంది కాబట్టి విలువ తక్కువగానే కనిపిస్తుంది, దాని వల్ల ఏమీ తేలదు. అదే 200 చూపి ఉంటే కంట్రోల్ లోపలి కార్బన్ పట్టీ దెబ్బతిన్నదని అనుమానించవలసిందే.

ప్లగ్గు తీసి కాసేపు ఆగండి. ట్యూబు మీది రబ్బరు టోపీ దగ్గరికి మాత్రం చెయ్యి పోనివ్వకండి, స్విచ్చి ఆపినా అక్కడ వేల వోల్టుల ఛార్జి నిలిచి ఉండవచ్చు. మూడు వైర్ల రంగులు కాగితం మీద రాసుకుని విప్పి, చివరి పిన్నుల మధ్య కొలవండి. కార్బన్ కంట్రోళ్ళకు 20 శాతం అటూ ఇటూ సహజం కనుక 80 నుంచి 120 దాకా ఏది వచ్చినా సరే. అసలు పరీక్ష ఆ తరువాతిది: మధ్య పిన్నుకూ ఒక చివరికీ మీటరు పెట్టి నాబ్‌ను చాలా నెమ్మదిగా తిప్పాలి, విలువ ఎక్కడా గెంతకుండా సాఫీగా మారాలి.

జవాబు (బరంపురం నుంచి):
పై వారు చెప్పిన ఆ చివరి పరీక్షకు ముల్లు మీటరు వాడండి. డిజిటల్ మీటరు అంకె మార్చే లోపలే గెంతు దాటిపోతుంది, ముల్లు మాత్రం ఎగిరిపడి చూపిస్తుంది. లోపం ఉన్నచోట నాబ్ ఆపి, మధ్య పిన్ను నుంచి రెండు వైపులా విడివిడిగా కొలిచి కూడండి. మొత్తం 98 ఉండవలసిన చోట 61, 52 కలిసి 113 వస్తే, ఎక్కువైన 15లో సగం, అంటే ఏడున్నర కిలో ఓములు, నాబ్‌తో పాటు లోపల తిరిగే స్లైడరు పట్టీని సరిగా తాకకపోవడం వల్ల వచ్చినదే; అది రెండు కొలతల్లోనూ చేరుతుంది కాబట్టే సగం. దుమ్మో తుప్పో అయితే కాంటాక్ట్ క్లీనరుతో పోతుంది, పట్టీ అరిగితే పోదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. విప్పి చూస్తే చివరి పిన్నుల మధ్య 97 వచ్చింది. నాబ్ మూడోవంతు తిరిగిన చోట మాత్రం ముల్లు ఒక్కసారిగా అనంతం వైపు కొట్టుకుంది. క్లీనరు కొట్టి ఇరవైసార్లు తిప్పినా అంతే. కంట్రోల్ మూతను పట్టి ఉంచే రేకు చెవులు లేపి చూశాను: నల్లటి పట్టీ మీద స్లైడరు నడిచే దారిలో కార్బన్ లేచిపోయి, గోరంత మేర కింది అట్ట బయటపడింది. కొత్తది తేవాలి. వాల్యూమ్‌కు వాడే లాగ్ రకం (నాబ్ తిప్పినంత సమానంగా విలువ మారనిది) ఇక్కడ పనికొస్తుందా?

జవాబు (రాయగడ నుంచి):
వద్దండి. దానితో వెలుతురులో మార్పంతా ఒక చివరకే గుమిగూడుతుంది. లీనియర్ (విలువ సమానంగా మారేది) అని అడగండి. చాలా కంట్రోళ్ళ మీద విలువ పక్కన బి అని ఉంటుంది, కానీ కొన్ని పాత తయారీల్లో ఈ అక్షరాలు తారుమారుగా ఉంటాయి కాబట్టి కొట్టులోనే నాబ్ మధ్యలో పెట్టి, మధ్య పిన్నుకూ ఒక చివరికీ కొలిపించండి, 50 కిలో ఓములకు దగ్గరగా ఉంటే తీసుకోండి.